చేతికందే ఇల్లు

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ, వీధిలో ఎవరికీ అది గుర్తులేదు. అందరికీ ఆవిడ అద్దమ్మే. ఇల్లు అద్దంలా పెట్టుకుంటుందని పక్కింటావిడ ఎప్పుడో నవ్వులాటకి అన్న మాట అలా అతుక్కుపోయింది. అద్దమ్మ దానికి ఏనాడూ కోపగించుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ పేరంటే ఆవిడకి లోలోపల ముచ్చటే.

కర్టెన్లు కుట్టడం ఆవిడ పని. కొలతలకని ఇళ్ళకి వెళ్ళేది. వెళ్ళినచోట ఊరుకోలేకపోయేది. "ఆ బీరువా కిటికీకి అడ్డంగా ఎందుకండీ? ఈ గోడకి జరపండి, పగలు లైటు వెయ్యక్కర్లేదు," అనేది. జరిపి చూస్తే నిజమే అయ్యేది. పోను పోను కర్టెన్ల కంటే ఇల్లు సర్దిపెట్టమనే ఎక్కువమంది పిలవసాగారు. "ఇంకో అల్మారా కొంటే సరిపోతుందా అమ్మా?" అని ఎవరైనా అడిగితే, "ముందు ఉన్నది ఖాళీ చెయ్యండి. అందులో సగం మీకు గుర్తే లేని సామానుంటుంది," అనేది. రోజూ వాడేది నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులో ఉండాలి. ఏడాదికోసారి వాడేది పైకి పోవాలి. దేన్నైనా చేతిలోకి తీసుకున్నాక 'తర్వాత చూద్దాంలే' అని ఇంకోచోట పెట్టకూడదు. ఇవీ ఆవిడ చెప్పే మాటలు.

ఇక సొంత ఇంటి సంగతి చెప్పక్కర్లేదు. ముందు గది, రెండు పడకగదులు, వాటి మధ్య సన్నటి నడవ, చివర వంటగది, దాని పక్కన ఒక మెట్టు దిగితే స్నానాలగది. గోడలు తెలుపు, నేల తెలుపు, కర్టెన్లు తెలుపు. ముందు గదిలో గాజు పలక ఉన్న టీపాయ్. వంటగట్టు మీద ఒక్క డబ్బా కనిపించేది కాదు. అన్నీ తలుపుల వెనకే. ఈగ వాలాలన్నా ముందు కాళ్ళు తుడుచుకుని వాలాలని కూతురు వెక్కిరించేది. కూతురు కాలేజీలో చదువుతోంది. ఇంట్లో అందరూ ఆమెని చిన్ని అనేవారు.

అద్దమ్మ భర్త సిటీ బస్సు డ్రైవరు. నెమ్మదైన మనిషి. బండి ఎంత నెమ్మదిగా ఆపేవాడంటే, నిలబడ్డ ముసలివాళ్ళు కూడా కడ్డీ పట్టుకునేవాళ్ళు కాదు. సెలవురోజున పొద్దున్నే లేచి టీ పెట్టి భార్యకి మంచం దగ్గరికి తెచ్చిచ్చేవాడు. తెచ్చిచ్చి, "గట్టు తుడిచానే తల్లీ, చూసుకో," అని ముందే చెప్పేవాడు.

అలాంటివాడు ఒకరోజు డిపోలోంచి బండి బయటికి తీస్తూ, ఎడమవైపు గేటు స్తంభానికి రాసేశాడు. బండి పక్కద్దం విరిగి కింద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తోటి డ్రైవర్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. బండి దిగి ఆ స్తంభం ముందు నిలబడి, "ఇది నాకు కనిపించలేదు," అన్నాడు. మళ్ళీ అదే మాట అన్నాడు. అప్పుడు వాళ్ళు కూడా నవ్వడం మానేశారు.

కళ్ళ డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసింది. గ్లకోమా అంది. కంటిలోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుందనీ, నొప్పి ఉండదు కాబట్టి దొంగలా వస్తుందనీ, ముందు పక్కచూపు పోతుందనీ చెప్పింది. "పోయింది తిరిగి రాదు. మిగిలినదాన్ని చుక్కల మందుతో కొన్నాళ్ళు పట్టుకుని ఉంచడానికి చూద్దాం. కానీ మీరు చాలా ఆలస్యంగా వచ్చారు."

"బండి నడపొచ్చా?" అని ఆయన అడిగాడు. సమాధానం తెలిసే అడిగాడు.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. అదీ ఆయనకి కనిపించలేదేమోనని మళ్ళీ నోటితో చెప్పింది.

ఇంటికొచ్చాక చిన్ని, "ఎలా ఉంటుంది నాన్నా?" అని అడిగితే, బల్ల మీది పేపరు తీసి గొట్టంలా చుట్టి ఆమె కంటికి పెట్టాడు. "ఇలా. గొట్టంలో ఉన్నంతవరకు నువ్వు నువ్వులాగే ఉంటావు. పక్కన ఏముందో తెలీదు." చిన్ని గొట్టం తీసి ఇవతలికి వెళ్ళిపోయింది, ఏడుపు కనపడకూడదని. పక్కకి జరిగితే చాలు, ఆయనకి కనపడదని తర్వాత గుర్తొచ్చింది.

అద్దమ్మ ఆ కొద్దిరోజులూ కన్నీరు పెట్టలేదు. మందు చుక్కలు వేళకి వేసేది. ఎవరైనా పలకరిస్తే, "ఏం చేస్తాం, చూసుకుంటున్నాం," అనేది. ఒకరోజు ఆయన పంట్లాము మోకాళ్ళదాకా లేచినప్పుడు పిక్కలు చూసింది. మోకాలి కిందంతా కమిలిన మచ్చలు, పాతవీ కొత్తవీ. ఎన్నాళ్ళనుంచో టీపాయ్‌కి, మంచం కోడుకి, సగం తెరిచి వదిలేసిన తలుపులకి కొట్టుకుంటూ పెదవి విప్పకుండా తిరుగుతున్నాడని అప్పుడు తెలిసింది. ఆవిడ ఏదో అనబోయే లోపే ఆయన పంట్లాము కిందికి లాక్కున్నాడు.

ఆ తర్వాత టీపాయ్ పగిలింది. ఫోను మోగితే తియ్యడానికి లేచి, దాని మీదే పడ్డాడు. గాజు అరచేతిలో లోతుగా దిగింది. ఆసుపత్రిలో కుట్లు వేసి, కంటి ఒత్తిడి కూడా బాగా పెరిగిందని నాలుగురోజులు అక్కడే ఉంచారు.

అద్దమ్మకి ఆ నాలుగురోజులూ కాలు నిలవలేదు. చిన్నిని ఆసుపత్రిలో కూర్చోబెట్టి, తను ఇంటి మీద పడింది. గాజుముక్కలు ఏరి, టీపాయ్ చట్రం బయటపడేసింది. కార్పెట్ చుట్టేసింది. ముందు గదిలోంచి చిన్న బల్లలన్నీ అటక మీదికి ఎక్కించింది. మంచాన్ని మధ్యలోంచి గోడవారకి జరిపింది. బీరువాని నడవలోంచి రెండో పడకగదిలోకి తోయించింది. ఆయన బట్టలు పై అరలోంచి కింది సొరుగులోకి మార్చింది. వాలుకుర్చీ ఒకటి కిటికీ పక్కన వేసి, చేతికందేలా రేడియో, మంచినీళ్ళు, మందు పెట్టింది. మిగిలిన బల్లల మూలలకి స్పాంజి అంటించింది. కత్తులు, అగ్గిపెట్టె, స్టవ్ వెలిగించే లైటరు పై అల్మారాలో పెట్టి తాళం వేసింది. వంటగది తలుపుకి బయటినుంచి గడియ పెట్టించింది. ప్రపంచంలో ఎవరి ఇల్లూ అంత శ్రద్ధగా సర్దలేదు ఆవిడ.

ఆయన్ని ఇంటికి తెచ్చినరోజు పక్కింటావిడ గడపలోనే నిలబడి, "కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటోందయ్యా మీ ఆవిడ. అదృష్టవంతుడివి," అంది.

ఆయన ముందు గది దాటి నడవలోకొచ్చి నిలబడ్డాడు. అలవాటుగా కుడిచెయ్యి చాపాడు. అక్కడ బీరువా ఉండేది. గాలి తగిలింది. రెండడుగులు వేసి ఎడమకి తిరిగాడు. గోడ తగిలింది. అద్దమ్మ గబగబా వచ్చి చెయ్యి పట్టుకుని, "ఇటు రండి, మీకోసం కిటికీ దగ్గర వేశాను," అని కుర్చీలో కూర్చోబెట్టింది. ఎక్కడెక్కడ ఏం మార్చిందో వరసగా చెప్పింది. ఆయన అంతా విని, "సరే," అన్నాడు.

ఆ 'సరే' తర్వాత ఆయన మాట తగ్గిపోయింది. కుర్చీలోంచి లేవడం కూడా తగ్గింది. ఏం కావాలన్నా అద్దమ్మ తెచ్చిచ్చేది. తను లేనప్పుడు చిన్ని తెచ్చిచ్చేది. ఇద్దరూ లేనప్పుడు ఆయనకి ఏమీ కావలసి వచ్చేది కాదు. కాళ్ళమీది మచ్చలు మానిపోయాయి. తిరిగితే కదా కొత్తవి పడడానికి. మచ్చలు మానాయని అద్దమ్మ సంతోషపడింది. తను సర్దిన తీరు పనిచేస్తోందనుకుంది.

కొన్నాళ్ళకి ఆయన అక్క చూడడానికి వచ్చింది. అద్దమ్మకి వదిన. మార్కెట్లో కూరలమ్మి పిల్లల్ని పెంచిన మనిషి. గొంతు పెద్దది, మాట ముక్కుసూటి. వచ్చి తమ్ముడి పక్కన చాలాసేపు కూర్చుంది. తర్వాత అద్దమ్మ దగ్గరికి వచ్చింది.

"ఇల్లు చాలా బాగుంది మరదలా."

"ఏదో, మీ తమ్ముడికి వీలుగా ఉండాలని, వదినా."

"బాగుంది. వాడే ఎక్కడా కనపడలేదు నాకు."

అద్దమ్మ ముఖం కందిపోయింది. "అదేమిటి వదినా అలా అంటారు? రాత్రీ పగలూ కంటికి రెప్పలా కాచుకుంటున్నాను. నేను చెయ్యనిది ఏముందో చెప్పండి."

"అదే నేను చెప్పేది. నువ్వు చెయ్యనిది ఏమీ మిగల్లేదు వాడికి."

వదిన వెళ్ళేటప్పుడు అద్దమ్మ గడపదాకా కూడా సాగనంపలేదు. 'కూరగాయలు కుప్పపోసి అమ్ముకునేవాళ్ళకి ఇల్లు సర్దడం గురించి ఏం తెలుసు' అనుకుంది. ఆ మాట తనకే నచ్చక, ఆ సాయంత్రం కిటికీ అద్దాలన్నీ మళ్ళీ తుడిచింది.

ఆ తర్వాతి వారంలోనే ఒక మధ్యాహ్నం అద్దమ్మ కొలతలకని వెళ్ళిన ఇంట్లో ఎవరూ లేక తొందరగా తిరిగొచ్చింది. తలుపు తీయగానే మాడిన పాల వాసన వచ్చింది. కుర్చీ ఖాళీగా ఉంది. వంటగది గడియ తీసి ఉంది.

పరుగెత్తి చూస్తే, అల్మారాల తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. గిన్నెలు, మూతలు, డబ్బాలు, సీసాలు నేలంతా పరిచి ఉన్నాయి. పంచదార ఒలికింది. స్టవ్ మీద పాలు పొంగి నల్లగా అట్టకట్టాయి. పై అల్మారా తాళం విరగ్గొట్టి ఉంది. ఆ సామాను మధ్య ఆయన బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కో డబ్బా మూత తీసి వాసన చూసి పక్కన పెడుతున్నాడు. వేలు కాలినట్టుంది, తడిగుడ్డ చుట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నారు మీరు?" అంది అద్దమ్మ.

"టీ పొడి వెతుకుతున్నా."

"నేనొచ్చాక పెట్టిచ్చేదాన్ని కదా!"

"నాకు అప్పుడు తాగాలనిపించింది."

"ఇల్లు తగలబడి ఉంటేనో? మీకేదైనా అయ్యుంటేనో? ఇన్నిరోజులు నేను కష్టపడి సర్దినదంతా..." ఆవిడ అరుస్తోంది. అంతకుముందెప్పుడూ ఆవిడ అలా అరవడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

ఆయన చేతిలోని డబ్బా కింద పెట్టాడు. "నువ్వు సర్దావు. నన్నడిగావా?"

అద్దమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"చూపు తగ్గినా ఈ ఇల్లు నాకు తెలుసు. కళ్ళు మూసుకుని తిరిగేవాణ్ణి. మంచం కోడూ తలుపులూ కాస్త తగిలేవి, అంతే; టీపాయ్ ఒక్కటే నా మీద పగబట్టింది. అది తీసేసి ఊరుకుంటే అయిపోయేది. నువ్వు మొత్తం మార్చేశావు. ఆసుపత్రి నుంచి మనింటికి వస్తున్నా అనుకున్నాను. ఎవరింటికో వచ్చాను. ఎక్కడ చెయ్యి పెట్టినా గాలి. అందరూ మీ ఆవిడ ఎంత బాగా చూసుకుంటోందో అంటారు. నేను ఏమనాలి? కుర్చీలో పెట్టావు, దుమ్ము దులుపుతున్నావు. అంతే కదా."

అద్దమ్మ గుమ్మంలోనే కూలబడింది. పంచదార చీరకి అంటుకుంది. అది కూడా చూసుకోలేదు.

"నాకు మాత్రం ఏం తెలుసు?" అంది చివరికి. "చేతులు ఊరికే ఉంటే భయమేస్తోంది. ఇవాళ గోడ కనపడలేదు, రేపు నేను కూడా కనపడను. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తుడుస్తున్నా. ఏదో ఒకటి జరుపుతున్నా. తుడవడం తప్ప నాకేం చేతనవును చెప్పండి?"

"ఆ భయం సంగతి నాతో ఎప్పుడైనా అన్నావా?"

"మీరన్నారా?"

ఆయన చెయ్యి చాపి నేల తడుముతూ వచ్చాడు. మూతలు గలగలమన్నాయి. ఆవిడ పాదం తగిలింది. దాన్ని పట్టుకుని అలాగే కూర్చున్నాడు. గ్లకోమా అన్న మాట విన్నప్పటినుంచి దాచుకున్న ఏడుపంతా అద్దమ్మ ఆ గుమ్మంలో ఏడ్చింది. ఆయనా ఏడ్చాడు. చిన్ని కాలేజీ నుంచి వచ్చేసరికి ఇద్దరూ ఆ గిన్నెల మధ్యే ఉన్నారు.

"అమ్మా, దొంగలు పడ్డారా?" అంది చిన్ని హడలిపోయి.

"మీ నాన్నే పడ్డాడు," అంది అద్దమ్మ ముక్కు తుడుచుకుంటూ.

మర్నాడు వంటగది మళ్ళీ సర్దారు. ఈసారి ఆయన గట్టు ముందు నిలబడి చెప్పాడు, అద్దమ్మ పెట్టింది. "డ్రైవరు సీట్లో కూర్చున్నవాడు గేరు ఎక్కడుందో చూడడు. చెయ్యి దానంతటదే పోతుంది. ఎందుకు? అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది కాబట్టి. నన్ను నిలబెట్టి, నా చెయ్యి ఎటు పోతుందో అటు పెట్టు," అన్నాడు. స్టవ్‌కి కుడిపక్క టీ పొడి, ఎడమపక్క పంచదార. డబ్బాలన్నీ ఒకేలా ఉంటే అందమని అద్దమ్మ ఎప్పుడో కొన్న తెల్లడబ్బాల జతని పక్కన పెట్టేయాల్సి వచ్చింది. పంచదార గుండ్రటి డబ్బాలోకి, ఉప్పు పలకల సీసాలోకి, టీ పొడి మూతకి రబ్బరుబ్యాండు వేసిన డబ్బాలోకి పోయాయి. పాల గిన్నె ఎప్పుడూ ఒకే కొక్కేనికి వేలాడాలి. కత్తులు సొరుగులో కుడివైపు, పిడి ఇవతలికి.

"స్టవ్?" అంది అద్దమ్మ నీరసంగా.

"స్టవ్ నేను వెలిగిస్తా. నువ్వు పక్కన నిలబడి చూడు. చెయ్యి పెట్టకు."

ఆవిడ పక్కన నిలబడింది. చెయ్యి పెట్టకుండా ఉండడానికి కొంగు రెండుచేతులా పిండుకుంది. మంట అంటుకుంది. ఆయన వేళ్ళు కాలలేదు.

మిగతా ఇల్లు కూడా అలాగే, గదికి గది, ఆయన్ని అడిగి మార్చారు. బీరువా మళ్ళీ నడవలోకి వచ్చింది, దాని మూల పట్టుకుని ఎడమకి తిరిగితే పడకగది అని ఆయన చేతికి తెలుసు కాబట్టి. మంచం పాతచోటికి వచ్చింది. కార్పెట్ మాత్రం రాలేదు, దాని అంచు కాళ్ళకి అడ్డం పడుతుందని. ఆయనకి మిగిలిన ఆ కాస్త చూపుకి తెల్లగోడలో తెల్ల తలుపు కనిపించేది కాదు. తెల్ల బల్ల మీద తెల్ల కప్పు కనిపించేది కాదు. అందుకని తలుపుల చట్రాలకి ముదురు నీలం రంగు వేయించారు. స్నానాలగది మెట్టు అంచుకి పసుపుపచ్చ టేపు అంటించారు. బల్ల మీద నల్లగుడ్డ పరిచారు. ఎదురెండ కళ్ళలో పడితే ఆయనకి అంతా పొగమంచులా అయిపోయేది. తెల్ల కర్టెన్లు తీసి, అద్దమ్మ తన చేత్తోనే ముదురు ఆకుపచ్చ కర్టెన్లు కుట్టి వేలాడదీసింది. తలుపులకి ఒక నియమం పెట్టుకున్నారు. పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి. సగం తెరిచిన తలుపు శత్రువుతో సమానం.

పక్కింటావిడ వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది. "ఏంటమ్మా, ఇల్లు జాతర బండిలా అయిపోయింది? నీ ఇల్లేనా ఇది?"

"మా ఇల్లే," అంది అద్దమ్మ. ఆ మాట అనడానికి ఆవిడకి కష్టమే అయింది. నీలం చట్రాలు కంటికి గుచ్చుకునేవి. గట్టు మీద డబ్బాలు బయటే ఉంటే ఒంటిమీద బట్టలు లేనట్టుండేది. కానీ పొద్దున్నే నడవలో ఆయన అడుగుల చప్పుడు వినిపించేది, తడబడకుండా, బీరువా దగ్గర కాస్త ఆగి, ఎడమకి తిరిగి. ఆ చప్పుడు వింటూ మంచం మీదే పడుకుని ఉండడం నేర్చుకుంది.

కానీ పాత అలవాటు అంత సులభంగా పోతుందా? పెద్ద మేడల్లో ఉండే ఇద్దరు ఆడవాళ్ళు, మీ ఇల్లు చూసి సలహా తీసుకోవాలని ఉంది, వస్తామని కబురంపారు. అద్దమ్మకి చేతులు ఆగలేదు. వాళ్ళు వచ్చేముందు అటక మీది చిన్న చెక్కబల్ల దింపి ముందు గది మధ్యలో వేసింది. దాని మీద పూలకుండీ పెట్టింది. వాళ్ళు వెళ్ళగానే తీసేద్దామనుకుంది. ఒక్క గంట కదా అనుకుంది. ఆయన పెరట్లో ఉన్నాడు. చెప్పలేదు.

వచ్చినవాళ్ళు మెచ్చుకుంటున్నారు. అద్దమ్మ వంగి కర్టెను కుచ్చులు చూపిస్తోంది. అప్పుడు ఆయన వాళ్ళని పలకరిద్దామని లోపలికొచ్చాడు. ధైర్యంగా, మామూలుగా నడుస్తూ వచ్చాడు. ఆ ధైర్యమే దెబ్బతీసింది. బల్ల మోకాళ్ళకి తగిలి నిలువునా పడ్డాడు. మణికట్టు విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది.

ఆసుపత్రి నుంచి పిండికట్టుతో వచ్చాక ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చుండిపోయాడు. అద్దమ్మని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆవిడ ఆ చెక్కబల్లని వీధిలో పెట్టేసి వచ్చి, నేలమీద ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది.

"మీరు నన్ను నమ్మి నడిచారు. నేను నలుగురు మెచ్చుకోవాలని అడ్డం పెట్టాను. క్షమించమని అడగడానికి కూడా నోరు రావట్లేదు."

"పడ్డందుకు కాదు," అన్నాడు. "లేచి మళ్ళీ నడవాలంటే, ఏది ఎక్కడుందోనని అడుగడుక్కీ అనుమానం. అదే బాధ. చూపు పోయినప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు."

అద్దమ్మ తల ఎత్తలేదు.

మూడోరోజు పొద్దున ఆయనే అన్నాడు. "డిపోలో బండి వెనక్కి తీసేముందు ఏం చేస్తామో తెలుసా? హారన్ కొడతాం. ఎవరున్నా లేకపోయినా కొడతాం. నువ్వు వస్తువులు కదపకుండా ఉండలేవు. నాకు తెలుసు. ఉండమని నేను అనను. కానీ కదిపేముందు హారన్ కొట్టు."

ఆరోజునుంచి ఆ ఇంట్లో కొత్త గోల మొదలైంది. "బకెట్టు నడవలో ఉంది, కుడిపక్క!" "కుర్చీ జరుపుతున్నా!" "సొరుగు తెరిచా... మూసేశా!" చిన్ని అయితే కాలేజీ నుంచి వస్తూ గుమ్మంలోంచే "పాం పాం, సంచి బల్ల మీద పెడుతున్నా," అని కేకేసేది. వీధిలో పోయేవాళ్ళు ఏమైందోనని ఆగి చూసేవాళ్ళు. ఇంకోసారి వచ్చినప్పుడు వదిన ఆ కేకలు విని, "మార్కెట్టే నయం," అంది. అని, అద్దమ్మ భుజం మీద చెయ్యేసి కాసేపు అలాగే నిలబడింది. వెళ్ళేటప్పుడు అద్దమ్మ ఆవిడని సందు చివరిదాకా సాగనంపింది.

మణికట్టు అతుక్కుంది. ఆయన మళ్ళీ నడిచాడు. మొదట గోడ పట్టుకుని, తర్వాత వదిలేసి.

చుక్కల మందు తన వంతు చేసింది. రెండు వానాకాలాలు చూపుని పట్టుకుని ఉంచింది. ఆ తర్వాత గొట్టం సన్నబడుతూ వచ్చింది. ఆయన ఆ సంగతి రోజూ చెప్పేవాడు కాదు గానీ, నీలం చట్రం దగ్గర ఇదివరకటిలా దాన్ని చూసి తిరగకుండా, చేత్తో తడుముకుంటూ పోతున్నాడని అద్దమ్మ గమనించింది.

ఒక ఉదయం ఆయన కిటికీ దగ్గర నిలబడి, "తెల్లారిందా?" అని అడిగాడు.

ఎండ ఆయన ముఖమంతా పడుతోంది. అద్దమ్మ "తెల్లారింది," అంది.

"అలాగా." చెయ్యెత్తి చెంప మీద పెట్టుకున్నాడు. "వెచ్చగా తగులుతోంది. అందుకే అడిగా."

ఆవిడ వెళ్ళి పక్కన నిలబడింది. కాసేపటికి ఆయన అన్నాడు, "నీ మొహం ఆఖరిసారి ఎప్పుడు చూశానో గుర్తు రావట్లేదు. అదే ఆఖరిసారి అని తెలిస్తే సరిగ్గా చూసేవాణ్ణి."

"అంత చూడాల్సిన మొహమేం కాదులెండి," అంది అద్దమ్మ. నవ్వుదామని చూసింది, నవ్వు రాలేదు. ఆయన వేళ్ళు ఆవిడ నుదుటి మీంచి కళ్ళ దాకా వచ్చి, తడి తగిలి ఆగాయి. వీధిలో పాల వ్యాను వచ్చిపోయింది. చిన్ని లేచి వచ్చి, వాళ్ళని చూసి, అడక్కుండానే అర్థం చేసుకుని, నాన్న రెండో పక్కన నిలబడింది.

ఆరోజు అద్దమ్మ ఒక కొత్త ఇంటికి వెళ్ళాల్సి ఉంది. రానని ఫోను చేస్తానంది. ఆయన ఒప్పుకోలేదు. "ఇంట్లో కూర్చుని నన్ను చూస్తూ ఉంటావు. నాకు ఊపిరాడదు. వెళ్ళిరా."

వెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చుని, ఆరిన బట్టలు మడతపెడుతున్నాడు. చొక్కాలు ఒక దొంతర, తువ్వాళ్ళు ఇంకో దొంతర. అద్దమ్మ సంచి ఎక్కడ పెట్టిందో చెప్పి, ఆయనకెదురుగా కూర్చుని ఒక దుప్పటి అంచు అందుకుంది. రెండో అంచు ఆయన పట్టుకున్నాడు.

"ఎలా ఉంది ఆ ఇల్లు?"

"ఇరుకు. మనుషులు ఎక్కువ. ముసలావిడ ఒకావిడ ఉందట, మోకాళ్ళ నొప్పులు. ఇవాళ ఆసుపత్రికి వెళ్ళింది. కోడలు మాత్రం ఉంది. ఆవిడ మంచం ఎక్కడ వెయ్యమంటారు అని నన్నడిగింది."

"నువ్వేం చెప్పావు?"

"ఆవిడ ఇంట్లో ఉన్నప్పుడు వస్తానన్నా."

ఆయన తలూపి దుప్పటి తనవైపు లాగాడు. అంచులు కలిపి మడిచారు.